ఐసు ముక్క నా పరువు తీసిన రోజు

ఎనిమిదో తరగతికి మర్నాడు సముద్రాల పాఠం మొదలుపెట్టాలి. రాత్రి పదకొండింటికి ఒక వర్క్‌షీటు డౌన్‌లోడ్ చేశాను. రెండు గ్లాసులు, రెండు ఐసు ముక్కలు, కాస్త ఉప్పు. ఇంతకంటే సులువైన ప్రయోగం ఉండదనిపించింది. ఒక గ్లాసులో మామూలు నీళ్లు, రెండో దాంట్లో ఉప్పు నీళ్లు పోసి, రెండింట్లోనూ ఒకేసారి ఐసు వెయ్యాలి. ఏది ముందు కరుగుతుందో పిల్లలు ముందుగానే చెప్పాలి. జవాబు రెండో పేజీలో ఉంది. ఆ పేజీ నేను తెరవలేదు. ఇందులో తెరిచి చూడ్డానికేముంది అనుకున్నాను.

మర్నాడు క్లాసులో ఓటింగు పెట్టాను. నలభై మందిలో ముప్పై ఆరు చేతులు ఉప్పు నీళ్లకే లేచాయి. ముప్పై ఏడో చెయ్యి నాది. "ఉప్పు వేస్తే మంచు కరుగుతుంది కదా మేడమ్, మంచు పడే దేశాల్లో రోడ్ల మీద చల్లుతారు" అని ముందు బెంచీ అమ్మాయి చెప్తే, "శభాష్" అని కూడా అన్నాను.

పది నిమిషాలకల్లా మామూలు నీళ్లలో ఐసు కనబడకుండా పోయింది. ఉప్పు నీళ్లలోది మాత్రం సగం సైజులో హాయిగా తేలుతోంది.

అప్పుడు నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఐసు ముక్కలు ఒకే సైజులో లేవేమో" అని మళ్లీ చేయించాను. మళ్లీ అదే జరిగింది. "ఉప్పు సరిగ్గా కలవలేదేమో" అన్నాను. ఇంతలో బెల్లు కొట్టారు, బతికిపోయాను. స్టాఫ్ రూమ్‌కి వెళ్లి రెండో పేజీ తెరిచాను.

కారణం ఇదీ. మామూలు నీళ్లలో ఐసు కరిగి వచ్చే నీరు చుట్టూ ఉన్న నీటికంటే చల్లన, అందుకని బరువు. అది కిందికి దిగుతుంది. దాని చోటులోకి వెచ్చటి నీరు వచ్చి ఐసును తాకుతుంది. ఇలా తిరుగుడు సాగుతుంటే ఐసుకు ఊపిరి సలపదు. ఉప్పు నీళ్లలో కథ వేరు. కరిగి వచ్చేది మంచి నీరు. అది ఎంత చల్లగా ఉన్నా ఉప్పు నీటికంటే తేలిక. కిందికి దిగలేదు. ఐసు చుట్టూ, నీటి పైభాగంలోనే ఒక చల్లటి పొరలా ఉండిపోతుంది. ఐసు తన నీళ్లనే తాను దుప్పటిలా కప్పుకుంటుందన్నమాట. రోడ్డు మీది ఉప్పు సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఉప్పు మంచుకు నేరుగా తగిలి, అది గడ్డకట్టే ఉష్ణోగ్రతనే తగ్గిస్తుంది.

రెండో రోజు క్లాసులోకి వెళ్లగానే "నిన్న నేను చెప్పింది తప్పు" అన్నాను. అంత నిశ్శబ్దంగా ఆ క్లాసును నేనెప్పుడూ చూడలేదు. ఈసారి ముదురు నీలం రంగు కలిపి గడ్డకట్టించిన ఐసు తీసుకెళ్లాను. ఉప్పు కూడా కొలిచే వేశాను: లీటరుకు 35 గ్రాములు, సుమారుగా సముద్రపు నీటి లెక్క. మామూలు నీళ్లలో వెయ్యగానే ఐసు అడుగు నుంచి సన్నటి నీలం దారాలు దిగాయి, మెలికలు తిరుగుతూ గ్లాసు అడుగుదాకా. ఉప్పు నీళ్లలో ఒక్క దారం కూడా దిగలేదు. పైన వేలెడంత మందాన నీలం పట్టీ, దాని కింద అద్దంలా తెల్లటి నీరు. రెంటి మధ్య ఎవరో స్కేలు పెట్టి గీసినట్టుంది గీత.

వెనక బెంచీ నుంచి ఒకడు లేచొచ్చి, అడక్కుండానే చెంచా పెట్టి తిప్పేశాడు. గీత పోయింది. ఐసు గబగబా కరిగిపోయింది. కోప్పడబోయి ఆగాను. వాడు చేసింది గాలి చేసే పనే కదా! తుపాను సముద్రం మీదుగా వెళ్తే పై నీటినీ కింది నీటినీ అలాగే కలిపేస్తుంది. వెళ్లిన దారిలో సముద్రం పైభాగం చల్లబడిన జాడ ఉపగ్రహాలకు కొన్ని రోజులు కనబడుతుంది. ఆ పాఠం నేను వచ్చే వారానికి పెట్టుకున్నాను. వాడి చెంచా పుణ్యమా అని ఆ రోజే అయిపోయింది.

అప్పట్నుంచి నాదొక నియమం. ఎవరు తయారుచేసిన పాఠమైనా సరే, ముందు నేనొక్కదాన్నే చేసి చూడాలి. ఉచితంగా దొరికేవాటికి కొదవలేదు. నాసా, అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా, విశ్వవిద్యాలయాలు, మ్యూజియంలు కుప్పలు కుప్పలుగా పెట్టాయి. కొరతల్లా మన టైముకే. ఒక సాయంత్రం కూర్చుంటే వంద పాఠాలు దించుకోవచ్చు. ఆ వందలో ఒకటి చేసి చూడ్డానికి ఇంకో సాయంత్రం కావాలి. నా లాప్‌టాప్‌లో "చూడాలి" అని ఒక ఫోల్డరుంది. దాన్ని తెరవాలంటేనే భయం.

ఉచితం అనే మాట గురించి కూడా ఒక ముక్క. చూసుకోవడానికి ఉచితం వేరు, మార్చుకోవడానికి ఉచితం వేరు. అమెరికా ప్రభుత్వ సంస్థలు సొంతంగా తయారుచేసినవాటికి చాలావరకు అక్కడ కాపీరైటు ఉండదు. నాసా, నోవా బొమ్మలు నిశ్చింతగా వాడుకోవచ్చు. అయితే అదే పేజీలో ఇంకెవరో తీసిన ఫొటో ఉంటే అది వాళ్లదే. క్రియేటివ్ కామన్స్ (తయారుచేసినవాళ్లు షరతులతో ముందే ఇచ్చే అనుమతి) గుర్తు ఉన్నవాటిలో "మార్పులు చేయకూడదు" అనే షరతుంటే తెలుగులోకి మార్చి అందరికీ పంచడం కూడా కుదరదు, ఎందుకంటే అనువాదం కూడా మార్పే. నాకిది తెలిసేసరికి అలాంటి వర్క్‌షీటొకటి మూడు రాత్రులు కూర్చుని తెలుగు చేసేశాను. అది నా దగ్గరే పడుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. బెలూను బారోమీటరు, అంటే గాలి ఒత్తిడి కొలిచే బొమ్మ పరికరం. మీరూ చూసే ఉంటారు. గాజు సీసా మూతికి బెలూను ముక్క బిగించి కట్టి, దాని మీద ఒక స్ట్రా అడ్డంగా అంటించి, ఎదురుగా కాగితం మీద గీతలు గియ్యడం. గాలి ఒత్తిడి పెరిగితే బెలూను లోపలికి నొక్కుకుపోయి స్ట్రా కొస పైకి లేస్తుంది, ఒత్తిడి తగ్గితే కిందికి వాలుతుంది, అంటే అల్పపీడనం, వాన రావచ్చని. దాదాపు ప్రతి వర్క్‌షీటూ ఇంతే చెప్పి ఊరుకుంటుంది. మేము వారం రోజులు కొలతలు తీశాం. మా బారోమీటరు ప్రకారం రోజూ పొద్దున ఆకాశం నిర్మలం, రోజూ మధ్యాహ్నం మూడింటికి తుపాను! ఒక్క చినుకు లేదు.

తప్పు పిల్లలది కాదు. సీసాలో బంధించిన గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది, బెలూను ఉబ్బుతుంది, స్ట్రా కొస వాలుతుంది. అంటే అది సగం థర్మామీటరు. సగమేమిటి, ముప్పాతిక. లెక్క వేసి చూడండి. పరమ శూన్య ఉష్ణోగ్రత నుంచి లెక్కపెట్టే కెల్విన్ కొలతలో గది ఉష్ణోగ్రత సుమారు 300. గది 3 డిగ్రీలు వేడెక్కితే అది నూటికి ఒకటి. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి సగటున 1013 హెక్టోపాస్కల్స్ కాబట్టి ఆ నూటికి ఒకటి అంటే దాదాపు 10 హెక్టోపాస్కల్స్ మారినంత ప్రభావం. మామూలు రోజుల్లో అసలు ఒత్తిడి మార్పులే అంతకు మించవు. ఇక స్ట్రా దేనికి ఊగుతోందో ఎవడు చెప్పగలడు?

ఆ ప్రయోగాన్ని పారేద్దామనుకుని ఆగాను. ఇప్పుడు సీసా పక్కన ఒక థర్మామీటరు పెడతాను. చాలా స్మార్ట్‌ఫోన్లలో ఒత్తిడి కొలిచే సెన్సరు ఉంటుంది, ఆ ఫోనూ పెడతాను. మూడింటినీ ఒకే గ్రాఫులో గియ్యమంటాను. స్ట్రా గీత ఫోను గీతతో కాకుండా థర్మామీటరు గీతతో చెట్టాపట్టాలేసుకుని తిరుగుతోందని పిల్లలే పట్టేస్తారు. "మేడమ్, ఇది మోసం" అన్నాడొకడు. కొలిచే పరికరాన్ని అనుమానించడం వాడికి పదమూడో ఏటే వచ్చేసింది. నాకైతే ఉద్యోగంలో చేరాక వచ్చింది.

ఇలాంటిదే ఇంకోటి ఉంది, దాన్ని మాత్రం నిజంగానే పారేశాను. రెండు సీసాలు, ఒకదాంట్లో మామూలు గాలి, ఇంకోదాంట్లో వంటసోడా, వెనిగర్ కలిపి పుట్టించిన కార్బన్ డయాక్సైడ్. రెండింటి మీదా దీపం. కార్బన్ డయాక్సైడ్ సీసా ఎక్కువ వేడెక్కుతుంది, ఇదిగో గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్, అంటే గాలిలోని కొన్ని వాయువులు వేడిని పట్టి ఉంచడం, అంటారు. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ అలాంటి ఏర్పాటులో కనబడే వేడికి అసలు కారణం అది కాదని 2010లోనే ఒక భౌతిక శాస్త్ర పత్రికలో పరిశోధకులు చూపించారు. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు కాబట్టి పైగాలితో సరిగ్గా కలవదు, వేడి బయటికి పోదు. గ్రీన్‌హౌస్ వాయువే కాని ఆర్గాన్‌తో చేసినా ఇంచుమించు అలాగే వేడెక్కుతుంది. చెప్పే విషయం నిజమే, చూపించే రుజువే తప్పు. నాకు ఇది తప్పు చెప్పడం కంటే ప్రమాదంగా అనిపిస్తుంది, ఎందుకంటే రేపెవరో ఆ రుజువును కొట్టేస్తే పిల్లలు విషయాన్నే వదిలేస్తారు. దీని బదులు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లలో (కంప్యూటరు తెర మీద చేసే ప్రయోగాల్లో) గ్రీన్‌హౌస్‌ది వాడుతున్నాను. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. అందులో నైట్రోజన్ అణువు పక్కనుంచి పరారుణ కిరణం (కంటికి కనబడని వేడి కిరణం) ఏమీ పట్టనట్టు వెళ్లిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ అణువు మాత్రం దాన్ని పట్టుకుని ఊగిపోతుంది. పిల్లలు చేతులు చాచి ఆ ఊగుడును అనుకరిస్తారు. క్లాసు కాసేపు అదుపు తప్పుతుంది, తప్పనీ.

తెలుగులో చెప్పేటప్పుడు మనకొక సొంత తంటా ఉంది. వాతావరణం అనే ఒక్క మాటతో మూడు చాకిరీలు చేయిస్తున్నాం. భూమి చుట్టూ ఉన్న గాలి పొరా వాతావరణమే. ఇవాళ మబ్బు పట్టిందా ఎండ కాసిందా అన్నదీ వాతావరణమే. వార్తల్లో చెప్పే "వాతావరణ మార్పు" మళ్లీ వాతావరణమే. ఒకమ్మాయి అమాయకంగా అడిగింది: "వాతావరణం రోజూ మారుతూనే ఉంటుంది కదా మేడమ్, దానికింత టెన్షన్ ఎందుకు?" ఆ పిల్ల తప్పు ఇసుమంత కూడా లేదు. మాటే అలా ఉంది. పాఠ్యపుస్తకాల్లో క్లైమేట్‌కి శీతోష్ణస్థితి అనే మాట ఉంది గానీ, క్లాసు దాటితే ఎవరూ అనరు. పైగా ఆ మాటలో చలీ వేడీ ఉన్నాయి, వానా గాలీ లేవు. నేను బోర్డు మీద మూడు గళ్లు గీసి, గాలి పొరకు "వాతావరణం", ఇవాళ్టి సంగతికి "వెదర్", కనీసం ముప్పై ఏళ్ల లెక్కకు "శీతోష్ణస్థితి" అని రాసి, ఏడాదంతా చెరపకుండా ఉంచాను. ముప్పై ఏళ్లన్నది నా సొంతం కాదు, ప్రపంచ వాతావరణ సంస్థ పాటించే లెక్కే.

అంకెలతోనూ ఒకసారి ఇలాగే ఇరుక్కున్నాను. 2024లో భూమి ఎంత వేడెక్కిందో కనుక్కు రమ్మన్నాను. ఒకరు నాసా లెక్క 1.28 డిగ్రీలని రాసుకొచ్చారు, ఇంకొకరు ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క 1.55 అని. ఇద్దరూ ఒకరి నోట్సు ఒకరు చూసుకుని, తర్వాత నా మొహం చూశారు. రెండూ సరైనవే. నాసా కొలిచింది 1951 నుంచి 1980 వరకు సగటుతో పోల్చి, రెండో సంస్థ 1850 నుంచి 1900 వరకు సగటుతో పోల్చి. "నీ ఎత్తు నేల మీంచి కొలిస్తే ఒకటి, బెంచీ మీంచి కొలిస్తే ఇంకోటి" అన్నాను. దేంతో పోలుస్తున్నారో చెప్పని అంకెను మా క్లాసులో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. నన్ను కూడా ఒప్పుకోనివ్వరు.

ఆర్గో ఫ్లోట్ల గురించి చెప్పకపోతే ఆ నీలం ఐసుకు అన్యాయం చేసినట్టే. సముద్రాల్లో దాదాపు 4000 యంత్రాలు మనుషులెవరూ లేకుండా తిరుగుతున్నాయి. ఒక్కోటీ సుమారు మనిషంత పొడవు గొట్టం. 1000 మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ ఉండి, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, అక్కణ్ణుంచి పైకి వస్తూ దారి పొడుగునా ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఒత్తిడి కొలుస్తుంది. పైకొచ్చి ఆ లెక్కలు ఉపగ్రహానికి పంపేసి మళ్లీ మునుగుతుంది. ఆ లెక్కలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. తోసే పంకా ఏదీ లేకుండా ఎలా మునుగుతుంది, ఎలా తేలుతుంది? లోపలి నూనెను బయటి సంచిలోకి పంపు చేస్తే గొట్టం బరువు మారకుండా సైజు పెరుగుతుంది, తేలుతుంది. వెనక్కి లాగేస్తే మునుగుతుంది. దీనికి ప్లాస్టిక్ సీసా, డ్రాపరు చాలు. నీళ్లు నిండా పోసిన సీసాలో డ్రాపరు వేసి మూత బిగించి, సీసాను నొక్కితే డ్రాపరు మునుగుతుంది, వదిలితే లేస్తుంది. అయితే ఇక్కడ పని చేసేది నూనె కాదు. నొక్కినప్పుడు డ్రాపరు లోపలి గాలి కుంచించుకుపోయి, అందులోకి నీరెక్కుతుంది. ఈ తేడా నేను చెప్పక ముందే చెంచా తిప్పినవాడు చెప్పాడు. భూమి మీద అదనంగా చేరుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకే పోతోందని లెక్కగట్టడానికి ఇప్పుడు ముఖ్యమైన ఆధారం ఈ గొట్టాలే అని చెప్తే, వాడు డ్రాపరుకేసి అనుమానంగా చూశాడు.

అన్నిటికంటే బాగా కుదిరిన పాఠానికి మాత్రం ఎవరి వర్క్‌షీటూ వాడలేదు. లెక్కలు వాళ్లవి, కాగితం మాది. హవాయిలో మౌనా లోవా అనే అగ్నిపర్వతం మీద 1958 నుంచి గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలుస్తున్నారు. మొదలుపెట్టిన శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్. మొదట్లో పది లక్షల పాళ్లలో 315 దగ్గర ఉండేది, ఇప్పుడు 420 దాటింది. నెలవారీ సగటులన్నీ ఉచితంగా దొరుకుతాయి. నేను 1975 నుంచి 2014 దాకా నలభై ఏళ్లు తీసుకుని, పిల్లలకు తలా ఒక ఏడాది పంచాను. తలా ఒక గ్రాఫు కాగితం, తలా పన్నెండు అంకెలు. అందరికీ ఒకే కొలమానం: అడుగున 320, పైన 400.

మొదట అందరికీ నిరాశే. "మేడమ్, నాది పైకెక్కి కిందికి దిగింది, అంతే" అన్నారు. అవును, ఒక్క ఏడాదిలో కనబడేది అదే. ఉత్తరార్ధగోళంలో అడవులూ పొలాలూ ఎక్కువ. అక్కడ చెట్లు చిగురించి గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటే మే తర్వాత గీత దిగుతుంది, ఆకులు రాలి కుళ్లే కాలానికి మళ్లీ ఎక్కుతుంది. డిసెంబరు చుక్క దాదాపు జనవరి చుక్క దగ్గరికే వచ్చేస్తుంది. పక్కపక్క ఏళ్లవాళ్లు కాగితాలు ఆనించి చూసుకున్నా పెద్ద తేడా కనబడలేదు.

అందరూ రాయడం ముగించేలోపు చివరి ఏడాది వచ్చిన పిల్ల చెయ్యెత్తింది. ఎప్పుడూ నోరు మెదపని పిల్ల. "మేడమ్, నాకు కాగితం చాల్లేదు."

వెళ్లి చూశాను. 2014 ఏప్రిల్, మే, జూన్. మూడు నెలలూ 400 దాటాయి. అక్కడ నెలవారీ సగటు 400 దాటడం అదే మొదలు. కొలమానం పెట్టినప్పుడు నేను వార్షిక సగటులు మాత్రమే చూశాను, 2014ది 398 చిల్లరే కదా సరిపోతుందనుకున్నాను. రెండో పేజీ తెరవని అలవాటు పూర్తిగా పోలేదన్నమాట.

"ఏం చెయ్యమంటావు?" అని ఆ పిల్లనే అడిగాను. ఇంకో గ్రాఫు కాగితం నుంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క చించి, గళ్లు కలిసేలా జాగ్రత్తగా పైన అతికించింది. తర్వాత నలభై కాగితాలూ వరసగా గోడకు అంటించాం. గది చాలక మూల తిరిగి రెండో గోడ మీదికి వెళ్లాయి. 1975 గీత కాగితం అడుగున పాకుతోంది. ఒక్కో కాగితం దాటేకొద్దీ అదే పళ్ల రంపం కొంచెం కొంచెం పైకి జరుగుతూ వెళ్లింది. పిల్లలు గోడ పొడుగునా నడిచారు, తమ ఏడాది దగ్గర ఆగి వేలు పెట్టి చూసుకున్నారు, చివరిదాకా వెళ్లి ఆ అతుకు దగ్గర గుమిగూడారు.

గోడకు సున్నం వేసినప్పుడు కాగితాలన్నీ తీసేశారు. ఆ ఒక్కటి మాత్రం నా బీరువాలో ఉంది. పైముక్క జిగురు ఆరిపోయి ఒక మూల లేచింది, మళ్లీ అంటించాలి.